పన్నెండో ఏటే నిలదీసిన దుర్గాబాయి

చెన్నైలో అడయారు వైపు తిరిగే తెలుగువారికి దుర్గాబాయి దేశ్‌ముఖ్ రోడ్డు తెలుసు. ఆంధ్ర మహిళా సభ పేరూ తెలుసు. ఆ సభ వెనకున్న పట్టుదల మాత్రం మద్రాసులో పుట్టింది కాదు. గోదావరి సీమలో, ఆమె పరికిణీలు కట్టే వయసులోనే మొదలైంది.

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేసేశారు. పెళ్లంటే ఏంటో తెలియని వయసది. ఊహ తెలిశాక, పదిహేనేళ్లప్పుడు కాపురానికి వెళ్లనని తేల్చి చెప్పింది. ఇంట్లోవాళ్లు ఆమె పక్షానే నిలిచారు. ఆ రోజుల్లో అది చిన్న సంగతి కాదు.

అప్పటికే ఆమె చూపు ఇల్లు దాటింది. 1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసింది. ఊళ్లో దేవదాసీలనూ, ఘోషా స్త్రీలనూ సభలకు పిలిచేవారు లేరు. వాళ్ల కోసం విడిగా సభ పెట్టాలని పట్టుబట్టింది. ముందు 5 వేల రూపాయల విరాళం తెమ్మన్నారు పెద్దలు. దేవదాసీలే ఆ డబ్బు పోగుచేసిచ్చారు. గాంధీజీ వచ్చారు. సభలో ఆడవాళ్లు ఒంటిమీది నగలు తీసిచ్చేశారు.

ఇంగ్లీషు చదువును రుద్దుతున్నారని పన్నెండేళ్లకే బడి మానేసింది. మానేసి ఊరికే కూర్చోలేదు. హిందీ నేర్చుకుని, బాలికా హిందీ పాఠశాల పెట్టి తోటివారికి పాఠాలు చెప్పింది.

టిక్కెట్ లేనిదే...

1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో ఖద్దరు ప్రదర్శన గేటు దగ్గర ఆమెకు వాలంటీరు డ్యూటీ. టిక్కెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూను ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్ కొనిచ్చాకే లోపలికి పంపింది. పెద్దవారికో రూలు, పేదవారికో రూలు ఉండకూడదన్నది పద్నాలుగేళ్ల పిల్లకు అర్థమైన న్యాయం.

జైల్లో తెలిసిన లోటు

ఉప్పు సత్యాగ్రహంలో దిగి 1930-33 మధ్య మూడుసార్లు అరెస్టయ్యారు. వేలూరు, మదురై జైళ్లు చూశారు. ఏ నేరం మోపారో కూడా తెలియని నిరక్షరాస్యులైన ఆడవాళ్లు అక్కడ కనిపించారు. వాళ్ల తరఫున మాట్లాడాలంటే జాలి చాలదు, చట్టం తెలియాలి. చిన్నప్పుడు మానేసిన చదువు అడ్డొచ్చింది. విడుదలయ్యాక, ఇరవై నాలుగేళ్లు దాటిన వయసులో మెట్రిక్ నుంచి మొదలుపెట్టారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎంఏ చేశారు. 1942లో మద్రాసులో లా పట్టా అందుకున్నారు.

ఆ మధ్యలోనే, 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్లను మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం అక్కడి తొలి పనుల్లో ఒకటి. తర్వాత రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. అదే ఏడాది సి.డి.దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. ఈసారి పెళ్లి ఆమె ఇష్టప్రకారమే జరిగింది. 1981 మే 9న కన్నుమూశారు.

అన్యాయం గురించి ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. తన పెళ్లిలో ఒకటి చూసింది, ఊరి దేవదాసీల బతుకులో ఇంకోటి చూసింది. చూసిన చోటే, చేతనైనంత పని మొదలుపెట్టింది. పదిహేనేళ్లు నిండకముందే తన మాట నెగ్గించుకున్న పిల్ల, పెద్దయ్యాక వేలమంది ఆడవాళ్లకు మాట నేర్పింది.