బంతియాట నేర్పిన బడిపంతులు

ఉపాధ్యాయుని కీర్తి తఱచుగా శిష్యుల కీర్తిలో కలిసిపోవును. తన పేరు మరుగుపడినను, తాను నేర్పిన పాఠము నిలిచిన చాలునని తృప్తిపడువాడే గురువు. హైదరాబాదు నగరమునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు అట్టివారు. భారత ఫుట్‌బాల్ జట్టు శిక్షకులుగా ఆయన లోకమునకు తెలిసిరి. వృత్తిచేత మాత్రము బడిపంతులు.

రహీముగారు 1909 ఆగష్టు 17వ తేదీన హైదరాబాదులో జన్మించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచు ఆ విద్యార్థుల జట్టులో ఆడి పేరు గడించిరి. పట్టభద్రులైన పిదప కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలగుచోట్ల పాఠశాలలలో పనిచేసి, వ్యాయామవిద్యలోను శిక్షణ పొందిరి. 1940 దశకపు తొలి యేండ్లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శియై, తుదివఱకు ఆ బాధ్యతను వహించిరి.

తరగతిగదిలో అలవడిన పద్ధతినే ఆయన మైదానమునకు తెచ్చిరి. విద్యార్థి లోపమెచ్చట నున్నదో కనిపెట్టి, దానికి తగిన అభ్యాసము కల్పించుటయే ఆ పద్ధతి. ఒక కాలితో మాత్రమే తన్ననేర్చినవారికి, రెండవ కాలితోనే ఆడవలసిన పోటీలు పెట్టిరి. బంతిని తమయొద్దనే అట్టిపెట్టుకొనువారికి, అందిన వెంటనే తోడివారి కందింపవలసిన పోటీలు పెట్టిరి. ఒంటరి నేర్పుకంటె పదునొకండుగురి పొందిక మిన్న యని ఆయన మతము.

1950లో ఆయన హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకులైరి. ఆ యేడాదియే ఆ జట్టు మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పు గెలిచెను. బొంబాయిలో నాడు జరుగుచుండిన రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదుమార్లు సాధించెను.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన తీర్చిన భారత జట్టు ఇరాన్‌ను ఓడించి స్వర్ణపతకము పొందెను. మరుసటి యేడు హెల్సింకి ఓలింపిక్ క్రీడలలో, మనవారిలో పలువురు వట్టికాళ్లతో ఆడిరి. యుగోస్లావియా చేతిలో 1-10 గోల్సుతో ఘోరపరాజయము కలిగెను. ఆ ఓటమియే పాఠమై, బూట్లు తొడిగి ఆడుట తప్పనిసరియైనది. నాలుగేండ్లకు మెల్బోర్న్‌లో మన జట్టు ఆస్ట్రేలియాను 4-2 గోల్సుతో ఓడించి సెమీఫైనలు చేరెను. చివరకు నాలుగవ స్థానమున నిలిచెను. ఓలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతవఱకు చేరిన ఆసియా జట్టు అదివఱకు లేదు.

ఆ జట్టులోని తులసీదాస్ బలరాం సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ బాలుడు. శిక్షణకై నగరమునకు వచ్చిపోవ చేత డబ్బు లేకపోగా, రహీముగారే సైకిలు అద్దెకు తీసికొనుటకు డబ్బిచ్చి రప్పించుకొనిరట. శిష్యుని ప్రతిభనే కాక పేదరికమును గూడ చూచిన కన్ను అది.

1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరుగునాటికి రోగము ఆయనను లోలోపల తినివేయుచుండెను. తొలి ఆటలో మనవారు దక్షిణ కొరియా చేతిలో ఓడిరి. థాయిలాండుతో ఆడునపుడు వెనుకవరుస ఆటగాడు జర్నైల్‌సింగ్ తలకు గాయమయ్యెను. రహీముగారు అతనినే, కుట్లతో, ముందువరుసలో నిలిపిరి. సెప్టెంబరు 4వ తేదీన మరల ఆ కొరియాతోనే ఫైనలు. ప్రేక్షకులలో అత్యధికులు మనకు ప్రతికూలురు. ముందటి రాత్రి ఆయన శిష్యులను చేరబిలిచి, తనకొక కానుకగా స్వర్ణపతకము కావలెనని అడిగిరట. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్‌సింగ్ ఒక గోలు చేయగా, 2-1 తో ఆ గురుదక్షిణ చెల్లినది.

1963 జూన్ 11వ తేదీన క్యాన్సరు ఆయనను కొనిపోయెను. నాటినుండి ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మనకు మరల దక్కలేదు. ఆటల పీరియడును లెక్కల పాఠమునకు అప్పగించు ఉపాధ్యాయ సోదరులు ఒక్కమారు ఈ బడిపంతులును తలంచుకొందురుగాక.