విలియం కేరీ

క్రీ. శ. 1761లో ఇంగ్లండునందు జన్మించిన విలియం కేరీ చెప్పులు కుట్టి జీవించుచునే పలు భాషలు నేర్చెను. 1793లో క్రైస్తవమత ప్రచారమునకై సకుటుంబముగ వంగదేశము చేరెను. తెచ్చిన ధనము స్వల్పకాలములోనే వ్యయమయ్యెను. స్వదేశమునుండి ఉత్తరము వచ్చుటకే మాసములు పట్టెడి కాలమది. భుక్తికై 1794లో మాల్దా ప్రాంతపు నీలిమందు కర్మాగారమున ఉద్యోగమునకు కుదిరి, తనకిక ధనము పంపనక్కరలేదని బాప్టిస్టు సంఘమునకు వ్రాసెను. వ్యాపారమున తగుల్కొనవలదని సంఘమువారు హెచ్చరింప మిక్కిలి నొచ్చుకొనెను. ఆ యేడే కుమారుడు పీటర్ మరణించెను. పిదప భార్య డొరొతీకి మతి చలించెను. 1801లో ఫోర్టు విలియం కళాశాలలో వంగభాషాబోధకుడై, జీతమున స్వల్పభాగమే తన కుంచుకొని, తక్కినది శ్రీరామపుర ముద్రణాలయాది కార్యముల కొసగెను. ఆ ముద్రణాలయముననే 1814లో ఆయన తెలుగు వ్యాకరణము అచ్చయ్యెను. 1834లో శ్రీరామపురమున కన్నుమూసెను. లేమిలో సైతము పుస్తకమునకై ఆర్జించిన ఆ కష్టజీవి గ్రంథాలయములకు చిరస్మరణీయుడు.