పైడి జైరాజ్: మూకీల నుంచి షోలే దాకా.. మన కరీంనగర్ బిడ్డ కథ ఇది!

షోలే సినిమా ఎన్నిసార్లు చూసినా ఆ పోలీస్ కమిషనర్‌ను ఎవరూ పెద్దగా పట్టించుకోరు. తెర మీద ఉండేది కొద్దిసేపే. కానీ ఆ పెద్దాయన మన కరీంనగర్ మనిషి. అమితాబ్, ధర్మేంద్ర ఇంకా పుట్టకముందే హిందీ తెర మీద హీరోగా వెలిగిన మనిషి. పేరు పైడి జైరాజ్. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అందుకున్న తొలి తెలంగాణ వాసి కూడా ఆయనే.

కరీంనగర్ టు బొంబాయి

జైరాజ్ 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టారు. అప్పటికి కరీంనగర్ నిజాం పాలనలోని హైదరాబాద్ సంస్థానంలో ఉండేది. చదువు కోసం హైదరాబాద్ వెళ్లి నిజాం కాలేజీలో చేరారు. ఆ రోజుల్లో సినిమా అంటే మంచి ఇళ్ల పిల్లలు పోయే దారి కాదు. అయినా 1929లో, ఇరవై ఏళ్లు కూడా నిండకముందే బొంబాయి బయలుదేరారు.

అదే ఏడాది 'జగ్‌మగాతీ జవానీ'తో తెర మీదికి వచ్చారు. అది మూకీ సినిమా. మాట ఉండదు, పాట ఉండదు. ఉన్నదల్లా ముఖం, ఒడ్డు పొడుగు, గుర్రపు స్వారీ, కత్తి తిప్పడం. ఇవన్నీ జైరాజ్‌కు కలిసొచ్చాయి. వరసపెట్టి మూకీల్లో నటించారు.

ఇక్కడే ఒక బాధాకరమైన విషయం ఉంది. మన దేశంలో 1,300కు పైగా మూకీలు తీస్తే ఇప్పుడు మిగిలినవి చాలా కొన్ని మాత్రమే. ఫిల్మ్ రీళ్లు కొన్ని పాడైపోయాయి, కొన్ని కాలిపోయాయి. జైరాజ్ కుర్రతనంలో చేసిన పని చాలావరకు ఈ తరానికి చూసే వీలే లేదు.

టాకీ వచ్చింది.. ఆయన నిలబడ్డారు

1931లో 'ఆలం ఆరా' వచ్చింది. బొమ్మ మాట్లాడటం మొదలుపెట్టింది. మూకీల్లో వెలిగిన చాలామందికి అదే దెబ్బ. ముఖం ఉంది కానీ భాష రాదు. జైరాజ్‌కు మాత్రం ఆ ఇబ్బంది రాలేదు. నిజాం రాజ్యంలో ఉర్దూ రాజభాష. హైదరాబాద్‌లో చదువుకున్న కుర్రాడికి ఆ మాట కొత్త కాదు. 1932లో 'షికారీ'తో టాకీల్లోకి అడుగుపెట్టారు.

1938లో బాంబే టాకీస్ తీసిన 'భాభీ' ఆయనకు పెద్ద పేరు తెచ్చింది. దానికి దర్శకుడు జర్మనీ నుంచి వచ్చిన ఫ్రాంజ్ ఆస్టెన్. 1943లో 'హమారీ బాత్'లో దేవికా రాణి సరసన హీరోగా చేశారు. నటిగా ఆమెకు అదే చివరి సినిమా. తర్వాత 1969లో మొట్టమొదటి ఫాల్కే అవార్డు అందుకున్నది కూడా ఈ దేవికా రాణే.

దిలీప్ కుమార్‌ను డైరెక్ట్ చేసింది మనోడే

జైరాజ్ నటుడిగానే ఆగలేదు. 1945లో బాంబే టాకీస్‌కు 'ప్రతిమ' సినిమా డైరెక్ట్ చేశారు. అందులో హీరో దిలీప్ కుమార్. అప్పటికి దిలీప్ కొత్త కుర్రాడు, అది ఆయన రెండో సినిమా. సినిమా పెద్దగా ఆడలేదు. దిలీప్‌కు మంచి హిట్ పడటానికి 1947లో 'జుగ్నూ' దాకా ఆగాల్సి వచ్చింది.

1951లో జైరాజ్ ఇంకా పెద్ద రిస్క్ చేశారు. సొంత డబ్బులతో 'సాగర్' తీశారు, దర్శకత్వమూ ఆయనదే. నర్గిస్, భరత్ భూషణ్ నటించారు. 1959లో షమ్మీ కపూర్, గీతా బాలీతో 'మొహర్' తీశారు. డైరెక్టర్‌గా చేసినవి తక్కువే. జనం మాత్రం ఆయనను నటుడిగానే గుర్తు పెట్టుకున్నారు.

రాజులంటే జైరాజే

యాభై, అరవై దశకాల్లో హిందీలో చారిత్రక, జానపద సినిమాలు జోరుగా వచ్చాయి. కిరీటం, కత్తి, గుర్రం ఉన్న పాత్ర అంటే చాలు, నిర్మాతలకు గుర్తొచ్చే పేర్లలో జైరాజ్ ఒకరు. 'హాతిమ్ తాయ్', 'అమర్ సింగ్ రాథోడ్', 'వీర్ దుర్గాదాస్', 'జై చిత్తోడ్', 'రజియా సుల్తానా'.. లిస్టు పెద్దదే. వాటిలో చాలా సినిమాల్లో నిరూపా రాయ్ ఆయనకు జోడీ. ఇప్పటి ప్రేక్షకులకు ఆమె 'దీవార్'లో అమ్మగా తెలుసు.

1963లో హాలీవుడ్ డైరెక్టర్ మార్క్ రాబ్సన్ గాంధీ హత్య మీద 'నైన్ అవర్స్ టు రామా' తీశారు. అందులో జి.డి. బిర్లా పాత్ర జైరాజ్‌దే. గాంధీజీ చివరి రోజులు గడిపింది బిర్లా ఇంట్లోనే కదా.

వయసు పెరిగాక హీరో వేషాలు పోయాయి. అయినా సెట్‌కు పోవడం మానలేదు. జడ్జి, డాక్టర్, పోలీస్ ఆఫీసర్.. చిన్న పాత్ర అని చూడకుండా చేశారు. అలా చేసిందే 1975లో వచ్చిన షోలే.

గుర్తింపు ఢిల్లీ నుంచి.. ఇంటి నుంచి ఆలస్యంగా

1980 సంవత్సరానికి కేంద్రం ఆయనకు ఫాల్కే అవార్డు ఇచ్చింది. తెలుగువాళ్లలో అంతకుముందు ఆ గౌరవం దక్కింది బి.ఎన్. రెడ్డికే. ఎల్.వి. ప్రసాద్, నాగిరెడ్డి, అక్కినేని అందరూ జైరాజ్ తర్వాతే.

కానీ సొంతూళ్లో పరిస్థితి వేరు. ఆయన జీవితమంతా బొంబాయిలో, హిందీ తెర మీదే గడిచింది. అప్పట్లో తెలుగు సినిమా అంటే మద్రాసే. తెలుగు ఇళ్లలో ఆయన పేరు చెప్పుకునే సందర్భమే రాలేదు. 2000 ఆగస్టులో ముంబైలో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 90 ఏళ్లు.

తెలంగాణ వచ్చాక పరిస్థితి కాస్త మారింది. హైదరాబాద్ రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు ఆయన పేరు పెట్టారు. 2025లో గద్దర్ అవార్డులతో పాటు పైడి జైరాజ్ పేరిట ఒక పురస్కారం ప్రకటించి, దర్శకుడు మణిరత్నాన్ని ఎంపిక చేశారు.

ఆ ప్రివ్యూ థియేటర్ పెద్ద హాలేమీ కాదు. కొత్త కుర్రాళ్లు తీసిన షార్ట్ ఫిల్మ్‌లు, చిన్న సినిమాలు అక్కడ వేస్తుంటారు. వందేళ్ల కింద ఏ అండా లేకుండా బొంబాయి రైలెక్కిన కరీంనగర్ కుర్రాడి పేరు ఆ తలుపు మీద ఉంది. ఈసారి అటు వెళ్తే ఓ నిమిషం ఆగి చదవండి.