గోడకు అటువైపు క్రిస్మస్: విల్లీ బ్రాంట్

1961 ఆగస్టు 13, ఆదివారం. బెర్లిన్ ప్రజలు నిద్ర లేచేసరికి నగరం మధ్యలో ముళ్లకంచె వేసి ఉంది. కొద్ది రోజుల్లోనే అది గోడగా మారింది. తల్లి ఒకవైపు, కొడుకు మరోవైపు. బెర్నావర్ వీధిలో, సమాధానపడుట అనే అర్థమున్న పేరుగల ప్రొటెస్టెంట్ దేవాలయం ఒకటి తూర్పున సరిహద్దు అంచులో చిక్కుకుంది. దాని సంఘస్థుల్లో ఎక్కువమంది పడమటివైపు ఉండిపోయారు. ఎఫెసీ పత్రికలోని మధ్యగోడను గూర్చి ఎన్నో ప్రసంగాలు విన్నాం. అక్కడివారు దానిని కళ్లారా చూశారు.

పశ్చిమ బెర్లిన్ మేయరు విల్లీ బ్రాంట్ ఆ రాత్రి ఎన్నికల ప్రచార రైల్లో ఉన్నారు. వార్త తెలిసి హానోవర్‌లో దిగి విమానంలో వచ్చారు. ఆయన అసలు పేరు హెర్బర్ట్ ఫ్రామ్. 1913లో ల్యూబెక్‌లో, పెళ్లికాని తల్లికి జన్మించారు. ఆమె దుకాణంలో పనిచేసేది, తాతగారే పెంచారు. హిట్లర్ పాలనలో, 19 ఏళ్ల వయసులో నార్వేకు పారిపోయారు. దాగడానికి పెట్టుకున్న పేరే నిలిచిపోయింది. గోడ లేచిన మరునాడే ఛాన్సలర్ అడెనావర్ ఎన్నికల సభలో ఆ పాత పేరెత్తి ఎగతాళి చేశారు. భక్తిపరుడని పేరున్న పెద్దమనిషి చేయవలసిన పని కాదది.

బ్రాంట్ అమెరికా అధ్యక్షుడు కెన్నెడీకి ఘాటుగా ఉత్తరం రాశారు. ఉపాధ్యక్షుడు జాన్సన్ వచ్చారు, సుమారు 1,500 మంది సైనికులు వచ్చారు. గోడ కదలలేదు. దానికోసం రష్యాతో యుద్ధానికి ఎవరూ సిద్ధంగా లేరు. 1962 ఆగస్టులో, గోడ దాటబోయిన 18 ఏళ్ల పీటర్ ఫెక్టర్ తూటా తగిలి, జనం చూస్తుండగానే రక్తం కారి చనిపోయాడు.

గోడ కట్టినవారితో మాట్లాడవచ్చా? మాట్లాడితే ఆ ప్రభుత్వాన్ని ఒప్పుకున్నట్లేనని విమర్శకులు మండిపడ్డారు. మాట్లాడకపోతే ముసలి తల్లులు బిడ్డల ముఖం చూడకుండానే కన్నుమూస్తారు. బ్రాంట్ మాట్లాడడానికే నిర్ణయించుకున్నారు.

1963 డిసెంబరు 17న ఒప్పందం కుదిరింది. స్థలాల పేర్లు, అధికారుల హోదాల విషయంలో ఇరుపక్షాలకు ఏకాభిప్రాయం లేదని ఆ కాగితంలోనే రాసుకుని, వాటిని పక్కనపెట్టి సంతకాలు చేశారు. పశ్చిమ బెర్లిన్ బడుల్లో తూర్పు జర్మనీ తపాలా ఉద్యోగులు కూర్చుని దరఖాస్తులు తీసుకున్నారు. జనం చలిలో గంటల తరబడి వరుసల్లో నిలబడ్డారు. అటువైపు బంధువులున్నవారికే పాసు, అదీ ఒక్క రోజుకే. తూర్పువారికి పడమటికి వచ్చే వీలు లేదు. అయినా డిసెంబరు 19 నుండి జనవరి 5 వరకు సుమారు 12 లక్షల సార్లు మనుషులు గోడ దాటి వెళ్లివచ్చారు. 28 నెలల తరువాత ఒకే బల్ల దగ్గర క్రిస్మస్ భోజనం! ఇది చిన్న విజయమేనని అప్పుడు అన్నవారు ఆ వరుసల్లో నిలబడినవారు కారు.

పండుగ గడిచాక గోడ మళ్లీ మూసుకుంది.

1969లో బ్రాంట్ ఛాన్సలర్ అయ్యారు. 1970 డిసెంబరు 7న వార్సాలో, హతమైన యూదుల స్మారకం ముందు పుష్పగుచ్ఛం ఉంచి, తడినేల మీద మోకరించారు. విశ్వాసాన్ని పదిమందిలో చెప్పుకునే మనిషి కాదాయన. హిట్లర్‌ను ఎదిరించి దేశం విడిచిన ఆయనకు ఆ నేరంలో భాగం లేదు. అయినా జాతి తరఫున మోకాళ్లూనారు. అది అతి అయిందని జర్మనీలో 48 శాతం మంది ఒక సర్వేలో చెప్పారు, తగినదేనన్నవారు 41 శాతం. 1971 సెప్టెంబరు 3న అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్ రాయబారులు బెర్లిన్‌పై ఒప్పందం చేసుకున్నారు, రాకపోకలు తేలికయ్యాయి. ఆ ఏడాదే ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1974లో, తన కార్యాలయ సహాయకుడు తూర్పు జర్మనీ గూఢచారి అని బయటపడి పదవి వదులుకున్నారు. ఎవరితో సమాధానం కోరారో వారే పంపిన మనిషి!

బెర్నావర్ వీధి దేవాలయాన్ని 1985 జనవరిలో తూర్పు ప్రభుత్వం పేల్చివేసింది. 1989 నవంబరు 9 రాత్రి గోడ తెరుచుకుంది. మరునాడు పశ్చిమ బెర్లిన్ పురభవనం ముందు జనసమూహంతో మాట్లాడినవారిలో 75 ఏళ్ల బ్రాంట్ ఒకరు. 1992 అక్టోబరు 8న మరణించారు. బెర్లిన్‌లోనే సమాధి చేశారు.