పార పట్టిన పండితుడు: పియేర్ సెరెసోల్

భూమి కంపించినప్పుడు దొరగారి మేడయు, కూలివాని పూరిగుడిసెయు ఒక్కతీరుననే నేలకూలును. మరల లేచుటలోనే రెంటికిని భేదము. మేడకు ధనమున్నది, పనివారున్నారు. గుడిసెకు దాని యజమాని రెండు చేతులు మాత్రమే దిక్కు. 1934వ సంవత్సరము జనవరి 15వ తేదీన, మధ్యాహ్నము రెండుగంటలు దాటిన కొంతసేపటికి, ఉత్తర బీహారున వచ్చిన భూకంపమున పదివేలమందికి పైగా మరణించిరి. ముంగేరు, ముజఫర్‌పూరు పట్టణములు శిథిలములయ్యెను. పల్లెలలో నేల పగిలి, లోపలి నీరును ఇసుకయు పైకి చిమ్మి, పండు భూములు ఇసుకమేటలయ్యెను. ఆ పల్లెలవారికి ఇండ్లు కట్టుటకై సముద్రములు దాటి వచ్చి, పార పట్టి, తట్ట మోసిన ఒక స్విట్జర్లాండు పండితుని చరిత్ర ఇది. ఆయన పేరు పియేర్ సెరెసోల్. ఐరోపాఖండమున ప్రసిద్ధమైన ఈ పేరు తెలుగువారిలో అంతగా వినబడకుండుట చింతింపదగిన విషయము.

సెరెసోల్ 1879 ఆగస్టు 17వ తేదీన లోజాన్ పట్టణమున జన్మించెను. తండ్రి పాల్ సెరెసోల్ 1873లో స్విట్జర్లాండు దేశాధ్యక్షుడుగా నుండిన రాజకీయవేత్త. సైన్యమునందును ఉన్నతపదవి వహించినవాడు. సోదరులలో ఒకడైన ఎర్నెస్టు సైన్యమున కర్నలు. ఇట్టి యింట పుట్టిన బాలునికి అధికారమును గౌరవమును అడుగకయే లభింపవలసినవి. పదునేడేండ్ల ప్రాయమున ఒకనాడు అడవిలో ఒంటరిగ తిరుగుచుండగా, సత్యమునకే తన జీవితము నర్పింపవలెనను సంకల్పము ఆయనకు కలిగెనందురు. అటుపిమ్మట జూరిచ్ నగరపు సాంకేతిక విద్యాలయమున ఇంజనీరింగు చదివి, డాక్టరు పట్టము పొందెను. ఆచార్యుడై సుఖముగ కాలము గడుపుటకు మార్గము తెరచియే యుండెను. ఆయన ఆ మార్గమున పోలేదు. 1909లో దేశము విడిచి అమెరికాకును, అటనుండి హవాయి ద్వీపములకును, పిదప జపానుకును పోయి, చేతిపనియు, బోధనయు, ఇంజనీరు ఉద్యోగమును చేయుచు అయిదేండ్లు గడిపెను. గ్రంథములలో దొరకని చదువు ఆయనకు ఈ సంచారమున దొరకెను.

1914లో ఆయన స్వదేశము చేరునప్పటికి మొదటి ప్రపంచ యుద్ధము ఆరంభమైనది. స్విట్జర్లాండు ఏ పక్షమునను చేరని దేశమే. అయినను ప్రతి పురుషుడును సైన్యమున శిక్షణ పొందవలెను. ఏ కారణముచేతనైనను సైన్యమున చేరనివాడు అందుకు ప్రతిగా ఒక పన్ను చెల్లింపవలెను. ఒక ఉపాధ్యాయుడు ఆయుధము ధరింపననినందున కారాగారమునకు పంపబడుట సెరెసోల్ చూచెను. తాను ఏటేట ఆ పన్ను కట్టి రసీదు పుచ్చుకొని ఊరకుండుట ఆయనకు సిగ్గనిపించెను. 1915లో పన్ను చెల్లింప నిరాకరించెను, చెరసాలకు పోయెను. పన్ను పైకము స్వల్పమే. ధనలోభమువలన ఎగవేసెనని ఎవరును అనుటకు వీలులేదు, ఏలయన తండ్రివలన సంక్రమించిన ఆస్తిని ఆయన ప్రభుత్వమునకే ధారపోసెను. ఆస్తిని ఇచ్చివేసి అల్పమైన పన్ను ఎగవేసినవాడను వింత పద్దు ఏ దేశపు లెక్కలలోను మరియొకటి కానరాదు.

అయినను ఒక నింద ఆయనను బాధించుచుండెను. యుద్ధమునకు పోనివాడు ప్రాణభీతిచేత పోలేదని లోకము అనుచుండెను. ఆ నిందకు మాటలతో సమాధానము చెప్పుట నిష్ప్రయోజనమని ఆయన గ్రహించెను. సైనికుడు పడు కష్టమెంతయో అంత కష్టమును, పడగొట్టుటకు గాక నిలబెట్టుటకు పడి చూపవలెను. మాటలు వలదు, పనియే కావలెనను ఈ నియమము ఆయన స్థాపించిన సంస్థకు మూలసూత్రమైనది.

1920 నవంబరున, ఫ్రాన్సుదేశమున వెర్డున్ రణరంగమునకు సమీపమందలి ఎస్నె గ్రామమున ఆ పని ఆరంభమయ్యెను. కురుక్షేత్రము ముగిసిన పిదప శవములను వెదకుచు తిరిగిన స్త్రీల దుఃఖమును మహాభారతమున స్త్రీపర్వము చెప్పుచున్నది. ఎస్నె అట్టి నేల. ఇల్లు లేదు, చెట్టు లేదు. దున్నుటకు నాగలి దింపిన, ప్రేలక మిగిలిన గుండ్లు తగులును. ఆ చలికాలమున సెరెసోల్, ఆంగ్లేయుడైన హ్యూబర్టు పారిస్, మరికొందరు వచ్చి నివాసమునకు కొయ్యపాకలు కట్టిరి, పొలములు చదును చేసిరి, త్రోవలు వేసిరి. వారిలో జర్మనులును కలరు. తమవారు పడగొట్టిన ఊరిని తమ చేతులతో నిలబెట్టవలెనని వచ్చినవారు వారు. గ్రామస్థులలో కొందరు వారిని ఆదరించిరి. కాని అధికారులకు జర్మనుల పేరే గిట్టలేదు. జర్మనులను పంపివేసిన తక్కినవారు ఉండవచ్చునను పరిస్థితి ఏర్పడెను. వారిని విడిచి తాముండుటకు ఎవ్వరును ఒప్పుకొనలేదు. 1921 వసంతకాలమున అందరును కలసి వెడలిపోయిరి. పని సగములో నిలిచినది. దీనిని ఓటమియనువారు అనవచ్చును. కాని తోడివానిని విడిచి స్వర్గమునకు కూడ పోనన్న ధర్మరాజును ఎరిగినవారు అట్లనరు.

1924లో స్విట్జర్లాండుననే వేర్-లెగ్లీజ్ అను కొండపల్లెపై మంచుచరియ విరిగిపడెను. అచ్చట రాళ్ళును విరిగిన మ్రాకులును తొలగించు పనికి సెరెసోల్ పూనుకొనెను. ఈ పనికి వ్యవస్థ నేర్పరచినవాడు కర్నలైన ఎర్నెస్టు! సైన్యమును కాదన్న తమ్ముడును, సైన్యమునందే జీవించిన అన్నయు ఒకే చోట పని చేసిరి. నిదుర లేచు వేళయు, భోజనపు వేళయు, పనిముట్ల లెక్కయు అన్నియు సైనికశిబిరమునందువలె సాగెను. లేనిది తుపాకి మాత్రమే. అంతర్జాతీయ పౌరసేవాసంస్థ దీనినుండి స్థిరపడెను. విరిగిన కత్తిమీద నిలిచిన పార దానికి చిహ్నమయ్యెను.

పిదప 1928లో లీచ్టెన్‌స్టీన్ అను చిన్నరాజ్యమున, రైన్ నది వరదచే ఇసుకమేటలు పడిన పొలములను శుభ్రపరచుటకు ఏడువందలమందికి పైగా సేవకులు వచ్చిరి. 1931లో వేల్సుదేశపు బ్రిన్‌మార్‌లో, పని లేక కుమిలిపోవుచున్న బొగ్గుగని కార్మికులతో కలసి పనిచేసిరి. ఆ సంవత్సరమే డిసెంబరున గాంధీమహాత్ముడు లండను నుండి మరలివచ్చుచు స్విట్జర్లాండున దిగి, లోజాన్‌లోను జెనీవాలోను ప్రసంగించెను. సెరెసోల్‌కు ఆయన పరిచయము అప్పుడు కలిగెను.

బీహారు భూకంపవార్త వినినప్పుడు సెరెసోల్‌కు వయస్సు యేబదియైదు సమీపించుచుండెను. ఆ వయస్సున మన పల్లెలలో మనుమలను ఆడించుకొనుచు అరుగుమీద కూర్చుండుట సహజము. ఆయన 1934 వేసవిలో ఒంటరిగ భారతదేశమునకు వచ్చి, ముందుగ కష్టస్థలములను కన్నులార చూచెను. గాంధీజీని, బాబూ రాజేంద్రప్రసాదును కలిసికొనెను. రాజేంద్రప్రసాదు భూకంపమునాటికి చెరసాలలో నుండి, విడుదలయైన వెంటనే రోగపీడితదేహముతోనే సహాయసంఘమును నడుపుచుండెను. పరిస్థితులు తెలిసికొని సెరెసోల్ స్వదేశమునకు పోయి, ఆ సంవత్సరాంతమున తోడివారితో మరల వచ్చెను. జో విల్కిన్సన్, పాల్ షెంకర్, ఫ్రేజర్ హోయ్‌లాండ్ అనువారు ఈ పనిలో ఆయనకు సహచరులైరి. ఏడువందలమంది వచ్చిన లీచ్టెన్‌స్టీన్ ఎక్కడ, వ్రేళ్ళపై లెక్కింపదగిన ఈ కొద్దిమంది యెక్కడ!

పని ముజఫర్‌పూరు ప్రాంతమున. భూకంపముచే పల్లపుభూములు మరింత క్రుంగెను. ఏరుల అడుగున ఇసుక నిండి, వాననీరు పోవు దారి లేకపోయెను. పాతచోటనే ఇల్లు కట్టిన ఏటేట వరదపాలు. కనుక ఊరినే మెరకకు మార్చవలెను. చెప్పుట సులభము. చెరువు నిండినప్పుడు పల్లపు వాడలోనికి నీరు వచ్చుటను ఎరిగిన శామీరుపేటవారికి, అయినను ఆ వాడ విడిచి ఎవరును కదలకుండుటయు తెలిసినదే. తాతల నాటి చోటు, దేవత గుడి, బావి, ప్రక్క యింటివారితో పొత్తు, పగ అన్నియు ఆ మట్టిలోనే యున్నవి. అంతకన్న పెద్ద చిక్కు భూమిది. మెరకనేల ఒకరిది, ఇల్లు కావలసినది వేరొకరికి. బీహారు జమీందారీదేశము, జమీందారు, అతని క్రింద హక్కుదారులు, వారి క్రింద రైతులు, అందరికి క్రింద ఏ హక్కును లేని కూలీలు. భూమి లెక్కలు వ్రాసినవారికి తెలియును, ఇల్లు కట్టుటకు పట్టు కాలముకన్న ఇంటిజాగా ఎవరిదో తేల్చుటకు పట్టు కాలమే దీర్ఘమైనదని. ఇంజనీరైన సెరెసోల్ గోడల బలమును లెక్క కట్టగలడు గాని, హక్కుల చిక్కుముడి విప్పుటకు ఏ గణితమును చాలదు. ఆయన ఓర్పుతో ఆంగ్లప్రభుత్వాధికారుల వద్దకును, కాంగ్రెసు నాయకుల వద్దకును తిరుగుచుండెను. శాసనోల్లంఘనోద్యమము చల్లారి చల్లారని కాలమది. ఒకరి యింట నీరు త్రాగినవానిని మరియొకరు అనుమానించు దినములు. ఇరువురును ఆయనను నమ్మిరి. ఇది ఆయన కట్టిన ఏ గోడకన్నను గట్టిపని.

మరియొక ధర్మసందేహము కలదు. ఐరోపాలో ఆయన సేవకులు కూలి పుచ్చుకొనక పనిచేసిరి. ఇంట అన్నమున్నవారు కనుక చెల్లినది. రెక్కాడినగాని డొక్కాడని బీహారు కూలిని ఊరకే మట్టి మోయుమనిన, దానికి సేవ యను పేరు పెట్టినను అది వెట్టియే యగును. జాగీరుల కాలమున వెట్టి చేసిన పెద్దల మాటలు వినిన మేడ్చలు ప్రాంతమువారికి ఈ భేదము విప్పి చెప్పనక్కరలేదు. దొర చెప్పిన మోసినది వెట్టి. తానుగా తలకెత్తుకొన్నది సేవ. బరువు మాత్రము రెంటికిని ఒక్కటే. అందుచేత పల్లెవారికి కూలి యిచ్చుచు, వారితోపాటు తామును అదే యెండలో అదే మట్టి మోయుటయే ఈ విదేశీయుల పద్ధతియైనది. ఆనాడు మన దేశమున తెల్లవాడు గుఱ్ఱముమీదనో మోటారులోనో కనబడవలసినవాడు. తట్ట నెత్తినబెట్టుకొన్న ఆంగ్లేయుని చూచి జనులు విస్తుపోయిరనిన ఆశ్చర్యము లేదు. మన పెద్దకులములవారు మట్టి ముట్టుట నామోషీయని దూరముగ నిలుచుటయు అంతకన్న ఆశ్చర్యము కాదు, సిగ్గుపడదగినది మాత్రమే.

ఇట్లు మెరకపై వెలసిన క్రొత్త ఊరికి శాంతిపురమని పేరు పెట్టిరి. సెరెసోల్ స్వదేశమునకు పోవుచు వచ్చుచు, 1937 వరకు ఈ పనితో సంబంధము విడువలేదు. నడుమ 1936లో క్వేకరులను మిత్రసమాజమున చేరెను. ఆయన పుణ్యమున బీహారుకంతకును ఇండ్లు అమరినవని తలపరాదు. కూలిన ఇండ్ల సంఖ్యముందు ఈ కొద్ది గ్రామములు సముద్రమున నీటిబొట్టు. నేడు మేడ్చలు, శామీరుపేటల చుట్టును లేచుచున్న బహుళాంతస్తుల మేడలు కట్టుచున్న కూలీలలో బీహారీలు అనేకులు. రేకుల పాకలలో నివసించుచు పరులకు మేడలు కట్టుచున్న వారిలో, సెరెసోల్ తట్ట మోసిన ఊళ్ళవారి మనుమలును ఉండవచ్చును.

రెండవ ప్రపంచ యుద్ధము ఆయన జీవితమున కడపటి పరీక్ష. 1941లో లీజ్ డేవిడ్ అను నామెను వివాహమాడి గృహస్థుడైన పిదపను ఆయన ఊరక కూర్చుండలేదు. 1942లోను, మరల 1944లోను అనుమతి లేకయే సరిహద్దు దాటి, జర్మనులతో శాంతిని గూర్చి ముఖాముఖి మాటలాడవలెనని హిట్లరు రాజ్యమున అడుగిడెను. పట్టుబడెను, స్వదేశమునకు పంపబడి అచ్చటను చెర అనుభవించెను. ఇది సాహసమా, పిచ్చితనమా యని ఆయన మిత్రులలోనే తర్కము కలదు. ఆ చెరలచే శరీరము చెడెను. యుద్ధము ముగిసిన కొలదినెలలకే, 1945 అక్టోబరు 23వ తేదీన, లోజాన్ సమీపమున ఆయన మరణించెను. ఆయన వయస్సు అరువదియారు.

సంస్థ ఆయనతో అంతరింపలేదు. 1950లో దాని సేవకులు మరల భారతదేశమునకు వచ్చి, దేశవిభజనచే ఇల్లు వాకిలి కోల్పోయినవారి కొరకు ఫరీదాబాదున పనిలో చేరిరి. ఈ సంస్థతో సంబంధము లేకపోయినను, ఇట్టి పనియే మన తెలుగునేలపైకి వచ్చినది. అమెరికాలో 1976లో వెలసిన హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ యను సంస్థ, 1983లో భారతదేశమున తన తొలి పనిని ఖమ్మమున ఆరంభించెను. ఇల్లు పొందు కుటుంబమువారు తమ యింటి పనిలో తామును చేయి కలుపుట, లాభము చూడక ఇచ్చిన ఋణమును కొద్దికొద్దిగ తీర్చుట, దూరదేశములనుండి వచ్చినవారు వారి ప్రక్కన నిలిచి ఇటుకలందించుట దాని పద్ధతి. కూలి యిచ్చి కట్టించిన శాంతిపురమునకును, ఇంటివారి చెమటనే వాటాగా గణించు ఈ పద్ధతికిని భేదమున్నది. ఆనాటి బీహారు కూలికి ఇందులో ఏది నచ్చెడిదో అతనినే అడుగవలెను.