స్ప్రింగు లేని తాళం

మా నాన్న కారు డ్రైవర్ వైపు డోర్ పక్కింటి వాళ్ల స్కూటీ తాళంచెవితో తెరుచుకుంటుంది. ఈ సంగతి కనిపెట్టింది నేనే. గొప్పగా ఇంట్లో అందరికీ చూపించాను కూడా. నాన్న మాత్రం నవ్వలేదు. శివరాత్రి జాతర అయిపోగానే హుజూర్‌నగర్ నుంచి ఒకాయన కారు చూసుకోవడానికి వస్తానన్నాడు మరి.

మాది మేళ్లచెరువు. చుట్టూ సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు, రోడ్డంతా లారీలు. ఇక్కడ ఇరవై ఐదేళ్లు తిరిగిన కారు తాళం కన్నంలో ఎంత దుమ్ము ఉంటుందో మీరే ఊహించుకోండి. అది బిగుసుకున్నప్పుడల్లా మేం కొబ్బరినూనె పోసేవాళ్లం. దుమ్ముకి నూనె తోడై లోపల లప్పం తయారైంది.

కోదాడలో తాళాలు బాగుచేసే ఒక తాత దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన డోర్ లోపలి అట్ట ఊడదీసి, క్లిప్పు లాగి, తాళం బ్యారెల్ నా చేతిలో పెట్టాడు. లోపల పల్చటి ఇత్తడి ప్లేట్లు, ఒక్కోదానికి వెంట్రుకంత స్ప్రింగు. చెవి మీదున్న గాట్లు ఆ ప్లేట్లన్నిటినీ ఒకే లెవెల్‌కి తెస్తేనే బ్యారెల్ తిరగాలి. మా దాంట్లో రెండు స్ప్రింగులు విరిగాయి, మిగతా ప్లేట్ల అంచులు అరిగి నున్నగా అయిపోయాయి. అందుకే దగ్గరదగ్గరగా ఉన్న ఏ చెవి పెట్టినా సరే అనేస్తోంది. మా చెవి కూడా అరిగిందే. దాన్ని చూసి డూప్లికేట్ చేయిస్తే ఆ అరుగుడు కూడా డూప్లికేట్ అవుతుందట, బగ్ ఉన్న కోడ్‌ని కాపీ పేస్ట్ చేసినట్టు.

పని చేసుకుంటూనే తాత ఒక మాట అన్నాడు. తాళంలో ముందు చచ్చేది స్ప్రింగేనట, గోద్రెజ్ ముసలాయన ఆ రోజుల్లోనే దాన్ని పీకి పారేశాడట.

నాకు తెలిసిన గోద్రెజ్ అంటే మా నాయనమ్మ బీరువా. దాని వెనక ఒక ముసలాయన ఉన్నాడని అప్పుడే వినడం. ఆ రాత్రి కూర్చుని ఆయన గురించి దొరికినంతా చదివాను.

అర్దేశిర్ గోద్రెజ్ 1868 మార్చిలో బొంబాయిలో ఒక పార్శీ కుటుంబంలో పుట్టాడు. మన కార్ల చెవుల్లాంటి గాట్ల చెవిని 1861లో పేటెంట్ చేసిన అమెరికన్ లైనస్ యేల్ కూడా అదే 1868లో పోయాడు, కాకపోతే డిసెంబర్‌లో. కాబట్టి పునర్జన్మ థియరీ వర్కవుట్ కాదు.

ఆయన చదివింది లా. చదువుకునే రోజుల్లోనే, 1891లో, భార్య బచూబాయి రాజాబాయి టవర్ మీద నుంచి పడి చనిపోయింది. ఆమెతో పాటు వాళ్ల బంధువుల అమ్మాయి కూడా. ఆ కేసు బొంబాయి అంతా మోగిపోయింది, కానీ ఎవరి మీదా నేరం రుజువు కాలేదు. అర్దేశిర్ మళ్లీ పెళ్లి చేసుకోలేదు. దీని గురించి ఇంతకంటే రాయాలనిపించడం లేదు.

1894లో ఒక కేసు పని మీద ఆయన్ని తూర్పు ఆఫ్రికాలోని జాంజిబార్‌కి పంపారు. అక్కడ తనకి నిజమని రూఢిగా తెలియని విషయాన్ని నిజమని వాదించాల్సి వచ్చింది. ఆయన వాదించనన్నాడు. ఎంత చెప్పినా వినలేదు. వకీలు పని మానేసి బొంబాయి తిరిగొచ్చేశాడు. క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో వచ్చిన మొదటి జాబ్‌నే ఇలా వదిలేస్తే మన ఇళ్లల్లో ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

తర్వాత మందుల షాపులో అసిస్టెంట్‌గా చేరాడు. అక్కడి నుంచి ఆపరేషన్ పరికరాలు తయారు చేయాలన్న ఆలోచన పుట్టింది. నాన్న స్నేహితుడు మేర్వాన్‌జీ కామా దగ్గర 3,000 రూపాయలు అప్పు తీసుకున్నాడు. కత్తులు, పట్టకార్లు బాగానే వచ్చాయి. కొనే కంపెనీకి కూడా నచ్చాయి, కానీ వాటి మీద ఇండియాలో తయారైనట్టు ముద్ర మాత్రం ఉండకూడదంది. ఈయనేమో ముద్ర ఉండాల్సిందేనన్నాడు. బిజినెస్ అక్కడితో సరి. రెండోసారి కూడా ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు చూడండి. నాకైతే చదువుతుంటే కొంచెం చిరాకేసింది. అప్పు చేసి పెట్టిన పని కదా, ఒక ముద్ర కోసం మూసేస్తారా!

అప్పట్లో బొంబాయిలో దొంగతనాలు బాగా పెరిగాయి. పేపర్లో ఆ వార్త చూసి తాళాల ఆలోచన వచ్చింది. మళ్లీ కామా దగ్గరికే వెళ్లాడు, ఆయన మళ్లీ ఇచ్చాడు. అలా 1897లో లాల్‌బాగ్‌లో గ్యాస్ కంపెనీ పక్కన ఒక చిన్న షెడ్‌లో పని మొదలైంది. తర్వాత కామా బంధువైన బాయిస్ అనే కుర్రాడిని భాగస్వామిగా చేర్చుకున్నాడు. అతను ఎక్కువ కాలం ఉండలేదు గానీ పేరు మాత్రం ఉండిపోయింది, గోద్రెజ్ అండ్ బాయిస్ అని.

ఇక తాళాలు. కంప్యూటర్ సైన్స్ వాళ్లు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆయన చేసిన ఒక తాళానికి రెండు చెవులు ఉండేవి. రెండో చెవితో లోపలి అమరిక మార్చేస్తే మొదటి చెవి ఇక పనికి రాదు. అంటే పాస్‌వర్డ్ రీసెట్. ఇంకో తాళంలో తప్పు చెవి పెడితే ఒక గడియ పడిపోతుంది. తర్వాత అసలు చెవితో ముందు దాన్ని సరిచేస్తే గానీ తెరుచుకోదు. తప్పు ప్రయత్నానికి అకౌంట్ లాక్ అవడం అన్నమాట, నూరేళ్లకు ముందే!

తాత చెప్పింది మాత్రం వేరే తాళం. అప్పటి తాళాల్లో లీవర్లను స్ప్రింగులు నొక్కి పట్టేవి. స్ప్రింగు తుప్పు పట్టినా, మెత్తబడినా, విరిగినా తాళం చచ్చినట్టే. అర్దేశిర్ స్ప్రింగులు లేకుండానే లీవర్లు పనిచేసే తాళం చేసి పేటెంట్ తీసుకున్నాడు. అరిగిపోయేదాన్ని ఇంకా గట్టిగా చేయడం ఒక పద్ధతి, అసలు దాని అవసరమే లేకుండా చేయడం ఇంకో పద్ధతి. ఆయనది రెండోది. మన కార్ల తాళాల్లో ఇంకా స్ప్రింగులే ఉన్నాయి, అది వేరే సంగతి.

మిగతాది త్వరగా చెప్పేస్తాను. 1902లో ఇనప్పెట్టెలు. తమ్ముడు పిరోజ్‌షా వచ్చి చేరాక ఫ్యాక్టరీ పెద్దదైంది. తర్వాత జంతువుల కొవ్వు లేకుండా నూనెలతో సబ్బు. ఒక సబ్బు పేరు కూడా ఛావీయే, అంటే తాళంచెవి. తిలక్ స్వరాజ్య నిధికి మూడు లక్షల రూపాయలు ఇచ్చాడు, 1921 నాటి మూడు లక్షలు. చివరికి కంపెనీని తమ్ముడికి అప్పగించి నాసిక్ వెళ్లి వ్యవసాయం చేసుకున్నాడు. 1936లో పోయాడు. ఎనిమిదేళ్ల తర్వాత 1944 ఏప్రిల్‌లో బొంబాయి రేవులో ఓడ పేలి చుట్టూ తగలబడినప్పుడు, ఆయన కంపెనీ ఇనప్పెట్టెల్లోని కాగితాలు కాలకుండా బయటపడ్డాయి.

మళ్లీ మా కారు దగ్గరికి. ఆ మోడల్‌కి కొత్త ప్లేట్లు ఎక్కడా దొరకలేదు. తాత ఒక ఉపాయం చేశాడు. ఎడమ వైపు డోర్ తాళాన్ని ఎవరూ వాడరు కాబట్టి దాని ప్లేట్లు, స్ప్రింగులు కొత్తవాటిలాగే ఉన్నాయి. రెండింటికీ చెవి ఒకటే. వాటిని తీసి డ్రైవర్ వైపు వేశాడు, ఆ ప్లేట్ల కొలతకి కొత్త చెవి కోశాడు, నూనె బదులు గ్రాఫైట్ పొడి కొట్టాడు. చెవి వెన్నలో దిగినట్టు దిగింది. స్కూటీ చెవికి కదల్లేదు. అరిగిన ప్లేట్లేమో ఎడమ డోర్‌లోకి వెళ్లాయి. అంటే ఇప్పుడు స్కూటీ చెవితో ఆ డోర్ తెరుచుకుంటుంది.

హుజూర్‌నగర్ ఆయన వచ్చాడు. ఇంజన్ విన్నాడు, టైర్లు చూశాడు, డ్రైవర్ డోర్ తాళం రెండుసార్లు తిప్పి బాగుందన్నాడు. ఎడమ డోర్ వైపు వెళ్లనే లేదు. నాన్న నా వైపు చూశాడు. మాట్లాడొద్దని ఆ చూపుకి అర్థం, నాకు తెలుసు. ముందు రాత్రి జాంజిబార్ గురించి చదవకపోయి ఉంటే నేనూ ఊరుకునేవాణ్ణే. లోపలికి వెళ్లి పక్కింటి స్కూటీ చెవి అడిగి తెచ్చి, ఎడమ డోర్ తెరిచి చూపించాను.

ఆయన రెండు వేలు తగ్గించి కారు తీసుకెళ్లాడు. నాన్న ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు. మర్నాడు నన్ను కాలేజీ బస్సు ఎక్కించేటప్పుడు, ఆ రెండు వేలు నా పాకెట్ మనీలో కోస్తానన్నాడు. కోశాడు కూడా.