పరిచయం నుంచి పరోపకారానికి

రోటరీ క్లబ్ పేరు వినని వారు అరుదు. దాన్ని స్థాపించిన పాల్ హారిస్ 1868లో అమెరికాలో పుట్టారు. వెర్మాంట్ రాష్ట్రంలోని వాలింగ్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో తాతయ్య, నాయనమ్మల దగ్గర పెరిగారు. 1896లో షికాగోలో వకీలుగా స్థిరపడ్డారు. పనికి లోటు లేదు గానీ, ఊళ్లోలా ఆప్యాయంగా పలకరించేవారే లేరు.

1905 ఫిబ్రవరి 23న ఒక బొగ్గు వ్యాపారి, ఒక దర్జీ దుకాణం యజమానితో కలిసి, గనుల ఇంజనీరు లోర్ ఆఫీసులో సమావేశమయ్యారు. వృత్తికి ఒక్కరే సభ్యుడు. వంతులవారీగా ఒక్కొక్కరి ఆఫీసులో కలిసేవారు. రోటరీ అన్న పేరు అలా వచ్చిందే. మొదట్లో సభ్యులు ఒకరికొకరు వ్యాపారం ఇచ్చిపుచ్చుకునేవారు. ఆ మేలు తమ నలుగురితో ఆగిపోకూడదన్నది హారిస్ తపన. కొందరికి నచ్చకపోయినా, 1907లో అధ్యక్షుడయ్యాక నగరంలో ప్రజలకు మరుగుదొడ్లు కట్టించే పనికి క్లబ్బును కదిలించారు.

1947లో ఆయన కన్నుమూశాక వచ్చిన విరాళాలు విద్యార్థుల స్కాలర్‌షిప్పులకు ఊతమయ్యాయి.

మన పూర్వ విద్యార్థుల్లోనూ దుకాణదారులు, కాంట్రాక్టర్లు, మెకానిక్కులు ఉన్నారు. ఒకరికొకరం పని ఇచ్చుకుందాం. అందులో కొంత మన బడికీ చేరేలా చూద్దాం.